కడుపు చిన్నదయ్యాక కంచంలో ఏముండాలి?

మా వైపు సంగటిని నమలరు. ముద్దలోంచి ఉసిరికాయంత తుంచి, సారులో అద్ది, నోట్లో వేసుకుని మింగడమే. నమిలితే పళ్ళకు అంటుకుంటుంది, రుచీ తెలియదు. నమిలి తినే కొత్త చుట్టాన్ని చూసి పిల్లలు నవ్వుతారు. బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళకు డాక్టర్లు చెప్పేదేమో దీనికి పూర్తిగా ఎదురు. ఏది తిన్నా ఇరవై ముప్పైసార్లు నమలాలి, నోట్లోనే గుజ్జయ్యాక మింగాలి, చిన్న గిన్నెడు తిండికి అరగంట పట్టాలి. చిక్కబళ్ళాపురం జిల్లా సోమేనహళ్ళిలో సంగటి తిని పెరిగిన నాకు ఆ ఆపరేషన్ అయింది. నేను ఊళ్ళో పాల డెయిరీ లెక్కలు రాస్తాను. షుగరు, బీపీ, మోకాళ్ళ నొప్పి ఒకదాని వెనక ఒకటి వచ్చాక బెంగళూరులో చేయించుకున్నాను. తర్వాత ఏం తినాలన్నది ఎలా తేల్చుకున్నానో, మా పల్లెల్లాంటి చోట ఉండేవాళ్ళకు ఉపయోగపడుతుందని రాస్తున్నాను.

ముందు ఒక మాట. ఇది కొవ్వును పీల్చి తీసేసే లైపోసక్షన్ కాదు. నాకు చేసినది స్లీవ్. పొట్ట సంచిలో నాలుగింట మూడు వంతులకు పైగా కోసి తీసేస్తారు. అరటికాయలా సన్నటి గొట్టం మిగులుతుంది, అందులో నూరు నూటయాభై మిల్లీలీటర్లు పడితే గొప్ప. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోను ఎక్కువగా తయారయ్యే భాగం కూడా దాంతోపాటే పోతుంది. అందుకే మొదటి నెలల్లో ఆకలే ఉండదు. ఇంకో పద్ధతి బైపాస్. పైన ముప్పై మిల్లీలీటర్ల చిన్న సంచి మాత్రం ఉంచి, దాన్ని నేరుగా చిన్నపేగుకు కలుపుతారు. 1966లో అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ మేసన్ అనే సర్జన్ మొదలుపెట్టిన దారి ఇది. మన ఆసియా వాళ్ళకు తక్కువ బరువులోనే షుగరు లాంటి జబ్బులు వస్తాయని, బాడీ మాస్ ఇండెక్స్ 27.5 దాటినవాళ్ళకు కూడా ఈ ఆపరేషన్ ఆలోచించవచ్చని 2022లో అంతర్జాతీయ సర్జన్ల సంఘాలు చెప్పాయి. చేయించుకోవాలా వద్దా అన్నది డాక్టరూ మీరూ కూర్చుని తేల్చుకోవాల్సింది. నేను రాసేది ఇంటికొచ్చాక జరిగేది.

ఇంటికి పంపేటప్పుడు చేతికొక కాగితం ఇచ్చారు. ఓట్స్, బ్రకోలీ సూప్, గ్రీకు పెరుగు, కీన్వా. అందులో తప్పేమీ లేదు, మా గుడిబండ సంతలో దొరకవు, అంతే. మా అత్త ఆ కాగితం చదివించుకుని విని, "సంగటి లేకుండా కడుపు నిండేది ఎట్లమ్మా?" అంది. వంట చేసేది ఆమె. ఆమెకు అర్థంకాని పట్టిక మా ఇంట్లో వారం కూడా నిలవదు. అందుకని కాగితంలో పదార్థాల పేర్లు వదిలేసి, వాటి వెనక ఉన్న లెక్కలు పట్టుకున్నాం. రోజుకు అరవై నుంచి ఎనభై గ్రాముల ప్రొటీన్. లీటరున్నర నీళ్ళు, గుక్కగుక్కగా. తింటున్నప్పుడు నీళ్ళు తాగకూడదు, తిన్నాక అరగంట ఆగాలి. తీపి వద్దు, గ్యాసున్న సీసా డ్రింకులు వద్దు.

మొదటి రెండు వారాలూ తాగేవే. పలచటి మజ్జిగ, వడగట్టిన పప్పుకట్టు, వెన్న తీసిన పాలు, చక్కెర లేని రాగి గంజి. మా బస్సారు ఇక్కడ పనికొచ్చింది. ఉలవలో అలసందలో ఆకుకూరతో కలిపి ఉడికించి, ఆ నీళ్ళు వంపి సారు కాస్తాం. మిగిలిన గింజలూ ఆకూ తాళింపు పెట్టి పల్యం చేస్తాం. నాకోసం అత్త కారం, చింతపండు బాగా తగ్గించేది. అయితే ఒక సంగతి గమనించాలి. వంపిన నీళ్ళలో రుచి వస్తుంది, ప్రొటీన్ చాలావరకు గింజల్లోనే ఉండిపోతుంది. డైటీషియన్ ఈ మాట చెప్పాక, అత్త ఉడికిన గింజల్ని రోట్లో మెత్తగా రుబ్బి, పలచటి ధోవతి గుడ్డలో పోసి, పిప్పి గట్టిగా పిండి, ఆ చిక్కటి పాలను మళ్ళీ సారులో కలిపేది. గిన్నెలో అంతా కలిపి అరకప్పు. అది తాగడానికి నాకు గోడ గడియారంలో పెద్దముల్లు సగం చుట్టు తిరిగేది. ఆ రోజుల్లో ప్రొటీన్ పొడి కూడా వాడాను. వాడక తప్పదు, తాగే తిండితో ఒక్కదానితోనే లెక్క పూర్తికాదు.

మూడో నాలుగో వారాల్లో గుజ్జు తిండి. మా మస్సొప్పు అంటేనే పప్పూ ఆకులూ ఉడికించి మెదిపినది. తర్వాత మెత్తటివి: కోడిగుడ్డు, పనీరు, పితికిన పప్పు. చలికాలంలో అనపకాయలు వచ్చినప్పుడు గింజలు నానబెట్టి, వేళ్ళతో నొక్కి తోలు తీసేసే పితికిన పప్పు ఈ దశకు చక్కగా సరిపోతుంది. తోలు పోయింది కాబట్టి నమలడమూ అరగడమూ సులువు. ఆరు నుంచి ఎనిమిది వారాలు దాటాక మామూలు తిండి, చాలా కొంచెంగా. వారాల లెక్క ఆసుపత్రిని బట్టి కాస్త మారుతుంది, ఎవరి సర్జన్ మాట వాళ్ళకు ప్రమాణం.

ఇక సంగటి. నాకు ఎక్కువమంది వేసే ప్రశ్న ఇదే. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన ఆహార పట్టికల్లో నూరు గ్రాముల రాగులకు ప్రొటీన్ ఏడు గ్రాముల చిల్లర, కాల్షియం 364 మిల్లీగ్రాములు. కాల్షియంలో రాగికి సాటివచ్చే ధాన్యం లేదు. కానీ అరవై గ్రాముల ప్రొటీన్ సంగటితోనే రావాలంటే ఎనిమిది వందల గ్రాములకు పైగా పిండి కెలకాలి. అరకప్పు పట్టే కడుపులో అది కుదిరే పనేనా? అందుకని కంచంలో వరస మార్చాలి. ముందు గుడ్డో కోడికూరో పప్పో. తర్వాత కూరాకు. చోటు మిగిలితే చివర్న సంగటి, ఉసిరికాయంత. దాన్ని కూడా నమలాల్సిందే. మింగే అలవాటుతో గబుక్కున వేసుకుంటే గొంతు కింద రొమ్ము మధ్యలో పట్టుకుని, నోట్లో నీళ్ళూరి, కక్కుకునేదాకా వదలదు. నాకు నెలలపాటు సంగటి కంటే పలచటి రాగి అంబలే సుఖంగా ఉండేది.

నా రోజు లెక్క ఇలా ఉంటుంది. అర లీటరు పాలో పెరుగో, దాంట్లో పదహారు గ్రాములు. రెండు గుడ్లు, పన్నెండు. ఉడికిన కోడిమాంసం అరవై గ్రాములు తింటే మరో పదహారు. యాభై గ్రాముల పనీరుకు తొమ్మిది. గుప్పెడు పప్పుకు ఏడు. కూడితే అరవై. డెయిరీలో వెన్న శాతం రాసే చేతికి ఈ లెక్క కష్టం కాలేదు, రాయనివాళ్ళకూ కష్టం కాదు. మాంసం తినని ఇళ్ళలో సోయా గింజలు, పాలు, పప్పులు పెంచుకోవాలి. ఈ పట్టికలో బజారు సరుకు పనీరొక్కటే, అది కూడా పాలు విరగ్గొట్టి ఇంట్లోనే చేసుకోవచ్చు.

ఫోనుల్లో తిరిగే పథకాలు చాలా ఉన్నాయి. ఒకటి అన్నం, రాగి పూర్తిగా మానమంటుంది. ఒకటి రోజుకు ఒక్కపూటే తినమంటుంది. చిన్న కడుపున్నవాళ్ళు ఒక్కపూటలో అరవై గ్రాములు ఎలా తింటారో ఆ చెప్పేవాళ్ళకే తెలియాలి. ఇంటి తిండినంతా నిషేధించే పథకంతో ఇంకో ప్రమాదం ఉంది, ఆ ఖాళీలోకి బేకరీ తిండి చేరుతుంది. సంగటి దిగదు, కూర దిగదు, కాఫీలో ముంచిన బిస్కత్తు మాత్రం హాయిగా జారిపోతుంది. బేకరీ బన్నూ జారిపోతుంది. కడుపు నిండినట్టే ఉండదు, రోజంతా తినవచ్చు. తగ్గిన బరువు మళ్ళీ ఎక్కే దారి ఇదే. వేరుసెనక్కాయలు కూడా అంతే. ప్రొటీన్ మంచిదే, మాటల్లో పడి ఒలుచుకుంటూ పోతే నూనె లెక్క దాటిపోతుంది.

ఉగాదికి ఓలిగలు చేస్తారు. తీపి ఒక్కసారిగా పేగులోకి దిగితే గుండె దడ, చెమటలు, కళ్ళు తిరగడం, విరేచనం. దీన్ని డంపింగ్ అంటారు. బైపాస్ వాళ్ళకు ఎక్కువ, స్లీవ్ వాళ్ళకూ వస్తుంది. మర్నాడు హొసతొడకు, ఇంటింటా మాంసం. పీచున్న మాంసం ముక్కకంటే మెత్తటి కైమా మేలు. పండగపూట కంచం ముందు కూర్చోకుండా తప్పించుకోవడం నాకిష్టం లేదు. కూర్చుంటాను, నా వరసలో తింటాను.

మాత్రలు తిండి కిందే లెక్క. ఎంత బాగా తిన్నా ఈ కడుపుతో విటమిన్లూ ఖనిజాలూ తిండి నుంచే సరిపడా అందవు. బి12 ఒంటబట్టాలంటే పొట్ట గోడలో తయారయ్యే ఒక పదార్థం కావాలి, ఆ గోడలో పెద్ద భాగం పోయింది. కాల్షియం రోజుకు 1200 నుంచి 1500 మిల్లీగ్రాములు, సిట్రేట్ రకమైతే పొట్టలో ఆమ్లం తక్కువున్నా ఒంటబడుతుంది. ఐరన్‌నూ కాల్షియాన్నీ కలిపి వేసుకోకూడదు, మధ్య రెండు గంటలు ఉండాలి. ఐరన్ మాత్ర దగ్గర కాఫీ, టీ వద్దు. మూడో నెల నుంచి జుట్టు రాలితే భయపడొద్దు, చాలామందికి రాలి మళ్ళీ వస్తుంది. ఆపరేషన్ తర్వాత కనీసం ఏడాది, ఏడాదిన్నర గర్భం రాకుండా చూసుకోమంటారు. వాంతులు ఆగకుండా ఒకటి రెండు రోజులు ఉంటే ఇంట్లో కషాయాలు కాచుకోకండి. వాంతులు అలాగే సాగితే ఒంట్లో బి1 తరిగిపోయి మెదడుకు, నరాలకు దెబ్బ తగలవచ్చు. అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి.

ఈ ఆపరేషన్‌కు పేరు రాయించుకున్నవాళ్ళను నేను అడిగేది ఒక్కటే. డైటీషియన్ దగ్గరికి ఒంటరిగా వెళ్ళకండి. మీ ఇంట్లో వండేవాళ్ళను పక్కన కూర్చోబెట్టండి, అది అత్తయినా భార్యయినా అన్నయినా. మీ ఇంట్లో వారమంతా ఏం వండుతారో రాసుకుని వెళ్ళి, ఇందులో ఏది ఎప్పుడు, ఎంత అని ఆ రాసిన కాగితం మీదే గుర్తులు పెట్టించుకోండి. ఇంటికొచ్చాక మూడో నెలలో, ఆరో నెలలో, ఏడాదికి, ఆ తర్వాత ఏటా రక్తపరీక్షలు చేయించుకోండి. బరువు తగ్గిపోయింది కదా అని మాత్రలు మానకండి, అవి జీవితాంతం వేసుకోవాల్సినవి.