ఒడ్డున నిలబడ్డోళ్లకూ ఓ దండ

పాఠశాల ఈత పోటీల్లో తెరవెనుక శ్రమకు గుర్తింపేదీ?

ధర్మపురి: ఈత పోటీ ముగియగానే పతకం పిల్లాడి మెడలో పడుతుంది. వేదిక మీద ముఖ్య అతిథి, హెడ్మాస్టరు, పక్కన అమ్మానాన్నలు... అందరూ ఫొటోలో ఉంటారు. పొద్దుట్నుంచి ఎండలో స్టాప్‌వాచ్ పట్టుకుని నిలబడ్డ డ్రిల్లు సారు మాత్రం కనబడరు. అప్పటికి ఆయన లేన్ల తాళ్లు చుట్టించే పనిలోనో, పిల్లల్ని లెక్కపెట్టి బస్సు ఎక్కించే పనిలోనో ఉంటారు. అలాంటి వాళ్లు లేకపోతే ఆ పతకానికి విలువే లేదంటే నమ్ముతారా? నమ్మి తీరాల్సిందే!

ఈదేది ఒకరు... చూసేది ఎందరో

పరుగు పందెంలో ఎవరు ముందొచ్చారో జనానికీ తెలుస్తుంది. ఈతలో అలా కాదు. నీళ్లు చిమ్ముతుంటే గోడను ఎవరి చెయ్యి ముందు తాకిందో చెప్పడం కష్టం. అందుకే నిబంధనల్లో ఒక్కో పనికి ఒక్కొక్కరిని పెట్టారు. పోటీ మొత్తానికీ పెద్ద రిఫరీ. ఈల వేసి పిల్లల్ని దిమ్మెల మీదికి ఎక్కించేదీ ఆయనే. ఆ తర్వాత వాళ్లను వదిలేది స్టార్టర్. చేతులు, కాళ్లు సక్రమంగా ఆడుతున్నాయా అని చూసేది స్ట్రోక్ జడ్జి. మలుపు దగ్గర వంగి చూసేది టర్న్ ఇన్‌స్పెక్టర్. బ్రెస్ట్ స్ట్రోక్, బటర్‌ఫ్లైలలో రెండు చేతులూ ఒకేసారి గోడను తాకాలి. ఒక చెయ్యి వెనకబడితే ఎంత వేగంగా వచ్చినా ఆ ఈత చెల్లదు.

ఇక టైం సంగతి. యంత్రాలు లేనిచోట ఒక్కో లేనుకు ముగ్గురు టైం కీపర్లు ఉండాలన్నది పద్ధతి. మూడు వాచీల్లో రెండు ఒకే టైం చూపితే అదే ఖాయం. మూడూ వేర్వేరుగా ఉంటే మధ్యది తీసుకుంటారు. ఈ లెక్కన ఆరు లేన్ల కొలనుకు టైం చూసేందుకే 18 మంది కావాలి. చిన్న జిల్లాల్లో అంతమంది ఎక్కడ దొరుకుతారు? చాలాచోట్ల ఆ పూట బడి పని పక్కన పెట్టి వచ్చే పీఈటీలు, పాత ఈతగాళ్లే దిక్కు.

ఒలింపిక్స్‌లోనూ గొడవే

వాచీ పట్టే చేతికి ఎంత బరువుందో 1960 రోమ్ ఒలింపిక్స్ చెబుతుంది. 100 మీటర్ల ఫ్రీస్టైల్‌లో అమెరికా ఈతగాడు లాన్స్ లార్సన్‌కు ముగ్గురు టైం కీపర్లు 55.0, 55.1, 55.1 సెకన్లు నమోదు చేశారు. ఆస్ట్రేలియాకు చెందిన జాన్ డెవిట్‌కు మూడు వాచీలూ 55.2 చూపాయి. అయినా జడ్జీల మాట ప్రకారం స్వర్ణం డెవిట్‌కే దక్కింది. ఆ రగడ చాన్నాళ్లు నలిగింది. 1968 మెక్సికో ఒలింపిక్స్ నాటికి చెయ్యి తగలగానే గడియారం ఆగే పలకలు వచ్చేశాయి.

మన పొరుగున ఉన్న బెంగళూరు కుర్రాడు శ్రీహరి నటరాజ్‌దీ చెప్పుకోదగ్గ కథే. 2021 జూన్‌లో రోమ్‌లో 100 మీటర్ల బ్యాక్‌స్ట్రోక్‌ను 53.77 సెకన్లలో ఈదాడు. ఒలింపిక్ 'ఏ' ప్రమాణం 53.85. అయితే అది మామూలు పోటీ కాదు, టైం ట్రయల్. ప్రపంచ సమాఖ్య ఆమోదించాకే టోక్యో దారి తెరుచుకుంది. అంటే ఈదడం ఒక ఎత్తు, దాన్ని లెక్కలోకి ఎక్కించడం మరో ఎత్తు! జిల్లా పోటీలోనూ అంతే. ఒడ్డున రాసుకున్న టైం తప్పితే పైపోటీకి వెళ్లాల్సిన పిల్ల ఇంట్లో కూర్చోవాల్సి వస్తుంది.

కావేరి పక్కన ఉండి...

ధర్మపురికి నీళ్లు కొత్త కాదు. హొగెనకల్ దగ్గర కావేరి దూకేది ఈ జిల్లాలోనే. పుట్టి నడిపేవాళ్లకు నదిలో ప్రతి సుడీ తెలుసు. పల్లెల్లో ఒకప్పుడు ఎండు సొరకాయ బుర్ర నడుముకు కట్టి, బావిలోకి దించి ఈత నేర్పిన పెద్దోళ్లు ఉన్నారు. వాళ్లకెవరూ బిరుదులివ్వలేదు. బావులు ఎండాయి, ఆ నేర్పూ తగ్గింది. మన దేశంలో ఏటా 30 వేల మందికి పైగా నీటమునిగి చనిపోతున్నారు. సెలవుల్లో చెరువుకో, ఏటికో వెళ్లి తిరిగిరాని పిల్లల వార్తలు ప్రతి ఎండాకాలమూ చదువుతూనే ఉన్నాం. అందుకే బడి పిల్లలకు ఈత నేర్పే సారుది ఆటల పనే కాదు, ప్రాణం కాచే పని.

గుర్తింపుకు దారి ఉంది

కేంద్రం 1985 నుంచి కోచ్‌లకు ద్రోణాచార్య అవార్డు ఇస్తోంది. ఈత శిక్షకుల్లో నిహార్ అమీన్‌కు 2015లో, ఎస్.ప్రదీప్ కుమార్‌కు 2016లో అది దక్కింది. తమిళనాడు ముఖ్యమంత్రి రాష్ట్ర క్రీడా అవార్డుల్లో ఆటగాళ్లు, కోచ్‌లతో పాటు వ్యాయామ ఉపాధ్యాయులకూ చోటుంది. పోటీల నిర్వాహకులు, దాతలు, అంపైర్లు, రిఫరీలు, జడ్జీలకు కూడా విభాగాలు పెట్టారు. ఈ సంగతి చాలా బడులకు చేరనేలేదు. తన పేరు తానే రాసుకోవడానికి సారుకు మొహమాటం. ఆ పని హెడ్మాస్టర్లు, తల్లిదండ్రుల సంఘాలు చెయ్యాలి. జిల్లా క్రీడా కార్యాలయంలో అడిగితే వివరాలు దొరుకుతాయి.

రాష్ట్ర అవార్డు వచ్చేదాకా ఆగక్కర్లేదు కూడా. జులై 25ను నీటమునక నివారణ దినంగా ఐక్యరాజ్యసమితి 2021లో ప్రకటించింది. ఆగస్టు 29 జాతీయ క్రీడా దినోత్సవం. ఈ రెండింట్లో ఏదో ఒకరోజు బడి ప్రార్థనలో టైం కీపర్‌ను, కొలను కాపలాదారును, నీళ్లలో క్లోరిన్ చూసే మనిషిని పిలిచి ఓ శాలువా కప్పితే ఖర్చెంత? ప్రశంసాపత్రంలో వాళ్లు చేసిన పనేంటో రెండు ముక్కలు రాస్తే ఇంకా మంచిది. పై ఏడాది పోటీలకు రమ్మని కబురు పంపితే, ఆ పిలుపును వాళ్లు కాదనలేరు.