కుక్క నడ్డి, వైద్యుడి చెయ్యి

తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల ఎముక విరిగిందంటే ముందు వినిపించే మాట ‘పుత్తూరు కట్టు’. పుత్తూరు దగ్గర రాచపాళెంలో తరతరాలుగా పసరు, కోడిగుడ్డు తెల్లసొన, వెదురుబద్దలతో వేసే ఆ కట్టు కోసం పక్క రాష్ట్రాల వాళ్లూ వస్తారు. ఆ వైద్యం పుట్టుక గురించి చెప్పుకునే కథలోనూ ఒక వేట కుందేలు, దాని విరిగిన ఎముకలు ఉంటాయి. గుర్రంకొండ, మదనపల్లె, పుంగనూరు జనానికి చేతి వైద్యం మీద నమ్మకం కొత్తది కాదు. అందుకే ఫోన్లో ఒక విదేశీయుడు కుక్క నడుము పట్టి ‘టక్’మనిపించగానే అది తోకాడిస్తూ లేచిపోయే వీడియో చూసినా ఇక్కడ ఎవరికీ వింతగా తోచదు. మన కుక్కకూ ఇలా చేయిస్తే పోలా అనిపిస్తుంది.

ఆ పద్ధతి పేరు కైరోప్రాక్టిక్. 1895లో అమెరికాలోని డావెన్‌పోర్ట్‌లో డేనియల్ డేవిడ్ పామర్ అనే ఆయన ఒక భవనంలో పనిచేసే హార్వీ లిలార్డ్ వెన్నుపూసను సర్దితే అతనికి తిరిగి చెవులు వినిపించాయని ప్రకటించాడు. పూసలు కొద్దిగా పక్కకు జరిగి నరాలను నొక్కడమే దాదాపు అన్ని రోగాలకూ మూలమన్నది ఆయన సిద్ధాంతం. శరీరశాస్త్రం దాన్ని ఒప్పుకోలేదు. అయితే మనుషుల మామూలు నడుము నొప్పికి ఈ ఒత్తిడి వైద్యం కొంత ఉపశమనం ఇస్తుందని పరిశోధనల్లో తేలింది. పశువుల కోసం 1989లో అమెరికాలో ఒక సంఘమే ఏర్పడింది. గుర్రాల మీద కాస్త చెప్పుకోదగ్గ పరిశోధన జరిగింది కానీ, కుక్కల మీద జరిగినవి కొన్నే, అవీ చిన్నవే.

అసలు చిక్కు కుక్క వెన్నులోనే ఉంది. మెడలో 7, ఛాతీ వెనుక 13, నడుములో 7 పూసలు. పూసకూ పూసకూ మధ్య ఉండే డిస్క్ తాటిముంజ లాంటిది: బయట గట్టి పొర, లోపల మెత్తని గుజ్జు. డాష్‌హండ్ వంటి పొట్టికాళ్ల జాతుల్లో ఈ గుజ్జు ఏడాది వయసుకే ముదిరి సున్నం పట్టడం మొదలవుతుంది. ఆ పొట్టికాళ్లకు కారణం ఎఫ్‌జీఎఫ్4 అనే జన్యువుకు అదనంగా పడిన నకలు అని 2009లో తేలింది. 2017లో మరో నకలు బయటపడింది, దానికీ డిస్క్ జబ్బుకూ సూటిగా సంబంధం ఉంది. ముద్దొచ్చే ఆ ఆకారమూ, పొంచి ఉన్న ఆ ముప్పూ ఒకే రకం జన్యు మార్పు నుంచి వచ్చాయన్నమాట.

మూడు నుంచి ఆరేళ్ల మధ్య వయసులో ఒకరోజు సోఫా మీంచి దూకినప్పుడో, నున్నటి టైల్స్ మీద కాలు జారినప్పుడో ఆ పొర చిట్లుతుంది. లోపలి గుజ్జు పైకి తన్ని వెన్నుపామును నొక్కుతుంది. ఎక్కువగా ఛాతీ పూసలు ముగిసి నడుము పూసలు మొదలయ్యే చోట ఇది జరుగుతుంది. ఇక్కడ పూస ఎటూ జరగలేదు. చేత్తో ఎంత నొక్కినా బయటికొచ్చిన గుజ్జు తిరిగి లోపలికి పోదు. పైగా ఆ నొక్కుడుకు మరింత గుజ్జు బయటికి రావచ్చు.

మరి వీడియోలో కుక్క లేచి నడిచిందేం? నొప్పి మాత్రమే ఉండి, కాళ్లు ఇంకా పనిచేస్తున్న కుక్కల్లో చాలావాటికి కనీసం నాలుగు వారాలు చిన్న గదిలోనో, బోనులోనో కదలనివ్వకుండా ఉంచితే నయమవుతుంది. ఆ విశ్రాంతి చేసిన మేలు చాలాసార్లు చేతి ఖాతాలో పడుతుంది.

కాళ్లు పడిపోయిన కుక్క సంగతి వేరు. డాక్టర్ దాని కాలివేలిని ఫోర్సెప్స్‌తో గట్టిగా నొక్కి చూస్తారు. కుక్క కాలు వెనక్కి లాక్కుంటే ఇంటివాళ్లు సంబరపడతారు. అది ప్రతిచర్య మాత్రమే, మెదడుతో సంబంధం లేకుండానే జరుగుతుంది. కుక్క తల తిప్పి చూడాలి, లేదా అరవాలి, లేదా కరవబోవాలి. అప్పుడే నొప్పి మెదడు దాకా చేరుతున్నట్టు. ఆ స్పర్శ మిగిలి ఉండగా ఆపరేషన్ చేసి గుజ్జు తీసేస్తే పదింట దాదాపు తొమ్మిది మళ్లీ నడుస్తాయి. అది పోయాక చేస్తే సగం మాత్రమే. ఈ లోపు పసరు కట్టులో, మాలిష్‌లో గడిచే ప్రతి రోజూ ఖరీదైనదే.

కీళ్ల కథ కొంత వేరు. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్ కుక్కల్లో తుంటి కీలు పెరిగే వయసులోనే వదులై, పోనుపోను అరిగిపోతుంది. వీటి విషయంలో అందరికంటే పెద్ద వైద్యుడు అన్నం గిన్నే. అమెరికాలో 48 లాబ్రడార్లను జీవితాంతం గమనించి 2002లో ప్రచురించిన అధ్యయనంలో, నాలుగో వంతు తిండి తగ్గించిన కుక్కలు మిగతావాటికంటే దాదాపు రెండేళ్లు ఎక్కువ బతికాయి, వాటికి కీళ్లవాపు కూడా ఆలస్యంగా వచ్చింది. సంగటి ముద్ద మీద ముద్ద వేసి, మిగిలిన అన్నమంతా పెట్టే ఇళ్లలో ఈ మాట చెబితే పిసినారితనం అనుకుంటారు గానీ, నిజం అదే.

మన ఊళ్లలో కుంటే కుక్కలన్నిటికీ అరుగుదలే కారణం కాదు. పిడుదుల వల్ల వచ్చే జ్వరంలోనూ కీళ్లు వాస్తాయి. టీకా వేయని కుక్కకు డిస్టెంపర్ అనే జబ్బు సోకితే వెనక కాళ్లు పడిపోవచ్చు. బండి తగిలిన వీధికుక్కకు వెన్నే విరిగి ఉండొచ్చు. రక్తపరీక్ష, ఎక్స్‌రే లేకుండా ఇలాంటి నడుమును విరిచే చెయ్యి ఎంత నేర్పు గలదైనా ప్రమాదకరమే.

అలాగని చేతి వైద్యం మొత్తం దండగ కాదు. తుంటి కీళ్లు అరిగిన ముసలి కుక్క బరువంతా ముందు కాళ్ల మీద వేసి నడుస్తుంది కాబట్టి మెడ, భుజం కండరాలు బిగుసుకుపోతాయి. జబ్బేమిటో తేలాక మెత్తని మర్దన, కీళ్లను నెమ్మదిగా ఆడించడం, నీళ్లలో నడిపించడం దానికి హాయినిస్తాయి. అయితే 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం ప్రకారం పశువులకు వైద్యం చేసే అధికారం రిజిస్టరైన పశువైద్యులదే. మదనపల్లె వైపు వాళ్లకు పెద్దాసుపత్రి అంటే అటు తిరుపతి పశువైద్య కళాశాల, ఇటు బెంగళూరు హెబ్బాళ కళాశాల.

అంత దూరం తీసుకెళ్లేటప్పుడు కుక్కను చంకలు పట్టి ఎత్తకూడదు. ఒక చెక్కపలక మీద పడుకోబెట్టి, భుజాల దగ్గరా తుంటి దగ్గరా దుప్పటితో కదలకుండా కట్టాలి. నొప్పి తగ్గుతుందని ఇంట్లో ఉన్న ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్ మాత్రలు వేయడం అన్నిటికంటే చేటు. అవి కుక్క కడుపులో పుండ్లు చేసి, కిడ్నీలను దెబ్బతీస్తాయి. ఏ మాత్ర ఇచ్చినా దాని పేరు, ఇచ్చిన వేళ డాక్టరుకు చెప్పాలి, ఎందుకంటే వెంటనే స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తే ఆ రెండూ కలిసి పేగుకు రంధ్రం చేయగలవు.