పదిహేనేళ్ల డిఫెండర్‌కు ఏం నేర్పాలి?

తెర మీద ఒక కుర్రాడి వివరాలుంటాయి. వయసు 15. పేరు పక్కన వరుసగా ఏడు అంకెలు: గోల్ కాపలా, రక్షణ, దాడి, షాట్, పాస్, టెక్నిక్, దూకుడు. ఒక్కో అంకె పక్కనే ఇంకో చిన్న అంకె. ఆ విద్య అతనికి ఎంత త్వరగా అబ్బుతుందో అది చెబుతుంది. పక్ అనే రబ్బరు బిళ్లను కొట్టడానికి మీట ఉండదు, పరుగెత్తించడానికి బాణం గుర్తులుండవు. మేనేజరు చేయగలిగిందల్లా ఆ ఏడింటిలో ఈరోజు దేనికి సాన పెట్టాలో చెప్పడమే. దాని ఫలితం ఆడేవాళ్ల క్యాలెండర్‌లో నెలల తర్వాత కనబడుతుంది.

ఇది స్లొవేకియాలో పుట్టిన 'పవర్‌ప్లే మేనేజర్' అనే ఆన్‌లైన్ గేమ్. బ్రౌజర్ తెరిచి ఎవరైనా ఒక ఐస్ హాకీ క్లబ్బుకు యజమాని, మేనేజరు, కోచ్ అన్నీ తానే అయిపోవచ్చు. అవతల ఉండే ప్రత్యర్థులు కూడా వేర్వేరు దేశాల్లో కూర్చున్న మనుషులే. అరకోటికి కాస్త పైన జనాభా ఉన్న ఆ దేశానికి ఐస్ హాకీ అంటే ప్రాణం. 2002లో ప్రపంచ చాంపియన్, 2022 వింటర్ ఒలింపిక్స్‌లో కాంస్యం. అదే ఏడాది ఉత్తర అమెరికాలోని ఎన్‌హెచ్‌ఎల్ లీగు కుర్రాళ్లను ఎంపిక చేసుకునే డ్రాఫ్ట్‌లో మొదటి పేరు యురాయ్ స్లఫ్‌కోవ్‌స్కీది, రెండో పేరు షిమోన్ నెమెత్స్‌ది. ఇద్దరూ స్లొవేకియా వాళ్లే. అలాంటి చోట కుర్రాళ్లను తయారు చేయడమే ఒక గేమ్‌గా మారిందంటే ఆశ్చర్యం లేదు.

హాకీ అనగానే మనకు గుర్తొచ్చేది పచ్చని మైదానం, మూడు ఒలింపిక్స్ ఆడిన మన హైదరాబాదీ ముకేశ్ కుమార్. ఈ హాకీ వేరు. గడ్డకట్టిన మంచు మీద ఆడతారు. ఒక్కో జట్టు నుంచి ఐదుగురు స్కేటర్లు, ఒక గోల్‌కీపర్ (గోలీ). ఇరవై నిమిషాల చొప్పున మూడు పీరియడ్లు. స్కేటర్లు ముప్పావు నిమిషం దౌడు తీసి బెంచీ మీదికొస్తే, వెంటనే ఇంకో బృందం దిగుతుంది. అందుకే ఇక్కడ ఒకరిద్దరు మొనగాళ్లతో పని జరగదు. ఎన్‌హెచ్‌ఎల్‌లో ఒక మ్యాచ్‌కు 18 మంది స్కేటర్లు, ఇద్దరు గోలీలు సిద్ధంగా ఉంటారు. అంతమందిని తీర్చిదిద్దాలంటే ఎవరికి ఏది, ఎప్పుడు నేర్పాలన్న లెక్క పక్కాగా ఉండాలి.

ఈ తరహా గేములు చాలానే ఉన్నాయి. 1997లో స్వీడన్‌లో మొదలైన 'హాట్రిక్' ఫుట్‌బాల్‌ది. ఇప్పటి ఆన్‌లైన్ మేనేజర్ గేములు చాలావరకు దాని అడుగుజాడల్లో నడిచినవే. కంప్యూటర్‌లో ఒంటరిగా ఆడుకునేవాటిలో పేరున్నది 'ఈస్ట్‌సైడ్ హాకీ మేనేజర్'. ఫిన్లాండ్‌కు చెందిన రిస్టో రెమెస్ దాన్ని మొదట ఉచితంగా పంచిపెట్టారు. 'ఫుట్‌బాల్ మేనేజర్' తయారుచేసే లండన్ సంస్థ స్పోర్ట్స్ ఇంటరాక్టివ్ ఆయన్ని చేరదీసి 2004లో దాన్ని అంగట్లోకి తెచ్చింది. మధ్యలో కొన్నేళ్లు మూలనపడ్డ ఆ గేమ్ 2015లో మళ్లీ లేచి కూర్చుంది. 2013 నుంచి 'ఫ్రాంచైజ్ హాకీ మేనేజర్' కూడా పోటీలో ఉంది.

అన్నింటిలోనూ శిక్షణ సూత్రం దాదాపు ఒక్కటే. మొక్కై వంగనిది మానై వంగదు. వయసు పెరిగేకొద్దీ శిక్షణ ఫలితం తగ్గుతూ పోతుంది. పదహారేళ్లవాడు ఒక్కరోజులో నేర్చుకున్నది ఇరవై ఆరేళ్లవాడికి పట్టుబడాలంటే ఇంకా ఎక్కువ సమయం పడుతుంది. హాట్రిక్‌లో 112 రోజులు గడిస్తే ఆటగాడికి ఒక ఏడు నిండుతుంది. అంటే మన క్యాలెండర్‌లో ఒక్క ఏడాది తిరిగేసరికి అతని వయసు మూడేళ్లకు పైనే పెరుగుతుంది. ఈ గేముల్లో డబ్బు పోతే మళ్లీ సంపాదించవచ్చు, ఓడిన లీగు మళ్లీ గెలవచ్చు. పదిహేడేళ్ల కుర్రాడికి వృథా అయిన వారం మాత్రం తిరిగి రాదు. శిక్షణ అంటే ఏం నేర్పాలన్న ప్రశ్న కన్నా, ఏది నేర్పకుండా వదిలేయాలన్న ప్రశ్నే పెద్దది.

కొత్తవాళ్లు బోల్తా పడేదీ ఇక్కడే. కనబడిన అంకెనల్లా పెంచేయాలని చూస్తారు. వారం రోజులు షాట్, తర్వాతి వారం టెక్నిక్, మధ్యలో దూకుడు. ఏడాది తిరిగేసరికి అన్నీ కాస్త కాస్త వచ్చి, ఏదీ సరిగా రాని ఆటగాడు చేతిలో మిగులుతాడు. అనుభవం ఉన్న మేనేజర్లు ముందు స్థానం తేల్చుకుంటారు. పవర్‌ప్లే మేనేజర్‌లో డిఫెండర్‌కు రక్షణ ప్రధాన విద్య. పాస్, దూకుడు దానికి తోడు. ప్రధాన విద్య 100 ఉంటే తోడు విద్యలు రెండూ ఒక్కోటి 50 దగ్గర ఉండేలా పెంచుకుంటూ పోవడం అక్కడి ఆటగాళ్లలో స్థిరపడిన పద్ధతి. గోల్ కాపలా, దాడి లాంటివి డిఫెండర్‌కు పెంచినా దండగే.

ఇప్పుడు ఇద్దరు కుర్రాళ్లను పక్కపక్కన పెట్టి చూద్దాం. అంకెలు లెక్క తెలియడానికి అనుకున్నవే. మొదటివాడికి రక్షణ ఇప్పటికే 40. పైగా వారానికి 9 పాయింట్ల చొప్పున పెరుగుతుంది. కానీ పాస్, దూకుడు మాత్రం మొండికేస్తాయి, వారానికి మూడేసి పాయింట్లే. రెండోవాడి రక్షణ 25 మాత్రమే, వారానికి ఏడున్నర పాయింట్లు పెరుగుతుంది. పాస్, దూకుడు వారానికి ఏడేసి. ఇద్దరికీ ఆ తోడు విద్యలు సున్నా నుంచే మొదలు. ఒకేసారి ఒకే విద్య నేర్పగలం అనుకుందాం. పట్టిక చూడగానే ఎవరి చూపైనా మొదటివాడి మీదే పడుతుంది. రక్షణలో 15 పాయింట్లు ముందున్నాడు, వేగమూ ఎక్కువే.

లెక్క వేస్తే కథ తిరగబడుతుంది. మొదటివాడు రక్షణలో మిగిలిన 60 పాయింట్లు ఏడు వారాల్లోపే అందుకుంటాడు. ఆ తర్వాత పాస్ 50కి చేరడానికి దాదాపు 17 వారాలు, దూకుడుకు మళ్లీ అంతే. మొత్తం 40 వారాలు. రెండోవాడికి రక్షణకు 10 వారాలు, పాస్‌కు ఏడు, దూకుడుకు ఏడు. మొత్తం 24 వారాల మీద రెండు రోజులు. తేడా దాదాపు 16 వారాలు. హాట్రిక్ కొలతలో చెప్పాలంటే ఒక ఏడాది వయసు. పైగా వయసు మీరేకొద్దీ వేగం తగ్గుతుంది కాబట్టి అసలు తేడా ఇంకా పెద్దది. అందుకే కుర్రాళ్లను కొనేటప్పుడు పాత కాపులు పెద్ద అంకె జోలికి వెళ్లకుండా, మూడింటిలో అన్నిటికన్నా నెమ్మదిగా పెరిగేది ఏదో ముందు చూస్తారు.

హాట్రిక్‌లో ఇంకో మెలిక. అక్కడ జట్టు మొత్తానికి ఒక వారంలో ఒకే విద్య నేర్పాలి. అదీ ఆ విద్యకు తగిన స్థానంలో మ్యాచ్ ఆడినవాళ్లకే పూర్తిగా దక్కుతుంది. గోల్ కాపలా నేర్పుతున్నామంటే ఆ వారం గోలీగా దిగినవాళ్లకే లాభం. దాంతో లీగు మ్యాచ్‌లో ఎవరిని దింపాలన్నది పేచీ అవుతుంది. గెలవాలంటే ముప్పై ఏళ్ల అనుభవజ్ఞుడు కావాలి. భవిష్యత్తు బాగుండాలంటే పద్దెనిమిదేళ్లవాడికి చోటివ్వాలి. విద్య స్థాయిని అక్కడ మాటల్లో చెబుతారు. ఒక స్థాయికీ పై స్థాయికీ మధ్య ఆటగాడు ఎంత దూరం వచ్చాడో తెర మీద కనబడదు. అందుకే ఆ అభిమానులు వారం వారం లెక్కలు రాసి పెట్టుకుంటారు. అలాంటి లెక్కల కోసం 'హాట్రిక్ ఆర్గనైజర్' అనే ఉచిత ప్రోగ్రామును వాళ్లే తయారు చేసుకున్నారు కూడా.

కుర్రాడి చేవ ఒక్కటే చాలదు. శిక్షణ కేంద్రం ఎంత మెరుగైనది, కోచ్‌లు ఎంత గట్టివాళ్లు అన్నవి కూడా పవర్‌ప్లే మేనేజర్ లెక్కలోకి తీసుకుంటుంది. ఇది ఊరికే పెట్టింది కాదు. మన లద్దాఖ్‌లో ఐస్ హాకీ ఆడేవాళ్లకు సహజంగా గడ్డకట్టే మంచు దొరికేది చలికాలంలో రెండు మూడు నెలలే. కెనడాలోనో ఫిన్లాండ్‌లోనో కుర్రాళ్లకు కప్పు కింద ఏడాదిలో చాలా నెలలు మంచు ఉంటుంది. మన దగ్గరి ఈ మంచు కొరతలోనే భారత మహిళల జట్టు 2025 ఆసియా కప్‌లో కాంస్యం గెలిచింది. గేమ్‌లో కొత్త మేనేజర్లు ఖరీదైన ఆటగాళ్ల వెంట పడి శిక్షణ కేంద్రాన్ని మరిచిపోతారు. కేంద్రానికి పెట్టిన ఖర్చు జట్టులోని ప్రతి కుర్రాడికీ ప్రతిరోజూ అంతో ఇంతో తిరిగొస్తూనే ఉంటుంది, బ్యాంకులో వేసిన రికరింగ్ డిపాజిట్‌లాగా.

శిక్షణతో రానివీ ఉన్నాయి. అనుభవం మ్యాచ్‌లు ఆడితేనే వస్తుంది. అలాగని వరసగా ఆడిస్తే శక్తి సన్నగిల్లుతుంది.

ఈస్ట్‌సైడ్ హాకీ మేనేజర్ ఇంకాస్త లోతుకు దిగింది. అక్కడ స్కేటింగ్ వేగం, సమతూకం, మణికట్టుతో కొట్టే రిస్ట్ షాట్, ఆట మొదలుపెట్టే ఫేసాఫ్, పక్ లేనప్పుడు కదిలే తీరు లాంటి గుణాలకు 1 నుంచి 20 దాకా మార్కులుంటాయి. వాటి వెనక ఆటగాడి ఇప్పటి సత్తా, చేరుకోగల గరిష్ఠ సత్తా అనే రెండు దాచిన అంకెలు 200 మార్కుల కొలత మీద నడుస్తాయి. మేనేజరుకు అవి కనబడవు. స్కౌట్లు, కోచ్‌లు చెప్పే అంచనాలే ఆధారం. ఆ అంచనాలు తప్పవచ్చు. గరిష్ఠం ఎంత పెద్దదైనా, పట్టుదల, క్రమశిక్షణ తక్కువైతే కుర్రాడు అక్కడిదాకా వెళ్లకపోవచ్చు.

దాచిపెట్టడం ఎందుకని కొత్తవాళ్లు విసుక్కుంటారు. అసలు హాకీ చరిత్ర తిరగేస్తే కారణం దొరుకుతుంది. 1993 డ్రాఫ్ట్‌లో ఒటావా జట్టు మొదటి ఎంపికగా అలెగ్జాండర్ డేగ్‌ను తీసుకుంది. పువ్వు పుట్టగానే పరిమళించిందని అందరూ అనుకున్నారు. ఐదేళ్లకు కోటీ 22 లక్షల డాలర్లకు పైగా ఒప్పందం. అలాంటి ఒప్పందాలు చూశాకే లీగు 1995లో కొత్త కుర్రాళ్ల జీతాలకు పరిమితి పెట్టింది. డేగ్ ఆట మాత్రం ఆ అంచనాలకు దరిదాపుల్లోకి కూడా రాలేదు. అదే డ్రాఫ్ట్‌లో రెండో ఎంపిక, డిఫెండర్ క్రిస్ ప్రాంగర్, 2000లో లీగు అత్యంత విలువైన ఆటగాడిగా నిలిచి, 2015లో హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఎక్కాడు.

దీనికి తలకిందుల కథ పావెల్ దత్‌స్యుక్‌ది. 1998 డ్రాఫ్ట్‌లో అతని పేరు వచ్చేసరికి 170 మంది పేర్లు అయిపోయాయి. తీసుకున్నది డెట్రాయిట్. మరుసటి ఏడాది అదే జట్టు 210వ స్థానంలో హెన్రిక్ జెటర్‌బర్గ్‌ను పట్టుకుంది. 2008లో డెట్రాయిట్ లీగు విజేతకిచ్చే స్టాన్లీ కప్ గెలిచినప్పుడు ప్లేఆఫ్స్‌లో ఉత్తమ ఆటగాడు జెటర్‌బర్గ్. రక్షణలో మేటి ఫార్వర్డ్‌కిచ్చే సెల్కీ ట్రోఫీని దత్‌స్యుక్ ఆ ఏటి నుంచి వరుసగా మూడుసార్లు గెలిచాడు. గరిష్ఠ సత్తా అనే అంకె అందరికీ కనబడి ఉంటే 170 మంది తర్వాత దత్‌స్యుక్ మిగిలి ఉండేవాడే కాదు.

గోలీల సంగతి మరీ విచిత్రం. 1994లో 217వ ఎంపికైన టిమ్ థామస్ ఫిన్లాండ్‌లో, స్వీడన్‌లో, చిన్న లీగుల్లో ఏళ్లకేళ్లు తిరిగాడు. బోస్టన్ జట్టులో స్థిరపడేసరికి 31 ఏళ్లు. 2011లో 37 ఏళ్ల వయసులో స్టాన్లీ కప్‌తో పాటు ప్లేఆఫ్స్ ఉత్తమ ఆటగాడి అవార్డు అందుకున్నాడు. సీజన్‌లో ఉత్తమ గోలీగా వెజీనా ట్రోఫీ కూడా ఆ ఏడాది అతనిదే. గోలీ ఆటలో పరుగు కన్నా చూపు, నిలబడే చోటు, ఓర్పు ముఖ్యం. అవి ఆలస్యంగా పండుతాయి. అందుకే ఇరవై రెండేళ్ల గోలీ తడబడుతున్నాడని తొందరపడి అమ్మేయడం అసలు ఆటలో ఎంత నష్టమో మేనేజర్ గేములోనూ అంత నష్టం కావచ్చు.

అమ్మడం కూడా శిక్షణ పథకంలో భాగమే. వయసు ఒక హద్దు దాటాక పెరుగుదల ఆగి, అంకెలు కిందికి జారడం మొదలవుతుంది. పవర్‌ప్లే మేనేజర్‌లో ఆటగాడి కెరీర్ ఇంకా ఎంత కాలం నిలుస్తుందో ఆరింటికి ఇన్ని అన్న లెక్కలో చూపిస్తారు. ఆరుకు ఆరున్నవాడికీ ఆరుకు రెండున్నవాడికీ ఈరోజు ఆట ఒకేలా ఉన్నా, బజారులో ధర ఒకటి కాదు. జారడం మొదలయ్యాక అమ్మకానికి పెడితే కొనేవాళ్లకూ ఆ సంగతి తెలిసే ఉంటుంది. కాస్త ముందే అమ్మి, ఆ సొమ్ముతో ఇద్దరు పదహారేళ్లవాళ్లను తెచ్చుకుని మళ్లీ మొదలుపెట్టేవాళ్లే ఎక్కువ. హాట్రిక్‌లో మూడో దారి ఉంది. అనుభవం, నాయకత్వం బాగా ఉన్న పాత ఆటగాణ్ని అమ్మకుండా కోచ్‌గా మార్చుకోవచ్చు. అయితే దానికీ డబ్బు కట్టాలి, మంచి కోచ్ కావాలంటే ఇంకా ఎక్కువ కట్టాలి. అంత సొమ్ము లేని క్లబ్బు ఉన్న కోచ్‌తోనే సర్దుకుని, కుర్రాళ్ల జాబితాకు తిరిగొస్తుంది.