పల్లె హాల్లో ప్రపంచ చదరంగం

ఉత్తర సముద్రపు ఒడ్డున, ఇసుక దిబ్బల చాటున ఒదిగిన డచ్ పల్లె వైక్ ఆన్ జే. జనాభా రెండు వేల పైచిలుకు. రైలు ఊళ్లోకి రాదు. పక్కనున్న బెవర్‌వైక్‌లో దిగి బస్సెక్కాలి. వేసవిలో సముద్ర స్నానాలకు జనం బాగానే వస్తారు గానీ, జనవరిలో అక్కడ మిగిలేది వణికించే గాలి, సాయంత్రం ఐదింటికే కమ్ముకునే చీకటి. సరిగ్గా ఆ రోజుల్లోనే ప్రపంచంలోని మేటి చదరంగ క్రీడాకారులు ఆ ఊరి బాట పడతారు. టాటా స్టీల్ చెస్ టోర్నమెంటు జరిగేది అక్కడే. వచ్చే జనవరిలోనూ ఊరి సామాజిక భవనం ‘డి మోరియాన్’లో బల్లలు వరస తీరుతాయి, రెండు వారాలకు పైగా గడియారాలు నడుస్తాయి.

దీన్ని చదరంగపు వింబుల్డన్ అంటారు. కానీ వింబుల్డన్‌లో లేనిదొకటి ఇక్కడ ఉంది. ప్రపంచ ఛాంపియన్ ఆడే హాల్లోనే బడిపంతులు, బస్సు డ్రైవరు, రిటైరైన తాతగారు కూడా తమ తమ ఆటలు ఆడుకుంటారు. ఈ టోర్నమెంటు గొప్పతనమంతా ఆ ఒక్క ఏర్పాటులోనే ఉంది.

కార్మికులు నాటిన మొక్క

ఊరికి దక్షిణాన ఆకాశంలోకి లేచిన పొగగొట్టాలు కనిపిస్తాయి. ఒక పక్క సముద్రం, ఇంకో పక్క ఉక్కు కర్మాగారం. విశాఖలోని గాజువాక వాసులకు కొత్తగా అనిపించని దృశ్యం. 1918లో స్థాపించిన ఆ కంపెనీ పేరు హోగోవెన్స్. అందులో పనిచేసేవాళ్ల చదరంగం క్లబ్బు నుంచే ఈ టోర్నమెంటు పుట్టింది. 1938లో బెవర్‌వైక్‌లో మొదటిసారి జరిగినప్పుడు ప్రధాన విభాగంలో ఆడింది నలుగురే, నలుగురూ డచ్‌వాళ్లే. యుద్ధకాలంలో ఒక్క 1945లోనే ఆగింది. 1946లో తొలిసారి విదేశీ ఆటగాళ్లను పిలిచారు. 1968లో వైక్ ఆన్ జేకు మారింది. ఆ ఏడాది విజేత విక్టర్ కోర్చ్‌నోయ్.

యుద్ధం ముగిసిన కొత్తలో తిండికి కటకట. 1946లో ముగింపు విందుకు కార్మికుల ఇళ్లలో తినే బఠానీ సూప్‌నే వడ్డించారు. ఎండు బఠానీలను గరిటె జారనంత చిక్కగా ఉడికించి చేస్తారు దాన్ని. కరవు తీరింది, కంపెనీ పెరిగింది, అయినా ముగింపు విందులో ఆ సూప్ మారలేదు. గ్రాండ్‌మాస్టర్ అయినా సరే అదే గిన్నె, అదే సూప్.

కర్మాగారం చేతులు మారిన కొద్దీ టోర్నమెంటు పేరూ మారింది. 1999లో హోగోవెన్స్ బ్రిటిష్ స్టీల్‌తో కలిసి కోరస్ అయింది. 2007లో కోరస్‌ను టాటా స్టీల్ కొనుక్కుంది. 2011 నుంచి టోర్నమెంటుకు టాటా పేరే. యజమానులు మారినా జనవరి నెల మారలేదు, ఊరు మారలేదు.

గెలిస్తే పై మెట్టు

పై వరసలో మాస్టర్స్, దాని కింద ఛాలెంజర్స్. ఒక్కో విభాగంలో 14 మంది. ప్రతి ఒక్కరూ మిగతా అందరితో ఆడాలి. అంటే 13 రౌండ్లు. ఒక్కో ఆట ఐదారు గంటలు సాగడం మామూలే. ఛాలెంజర్స్ గెలిచినవాళ్లకు మరుసటి ఏడాది మాస్టర్స్‌లో చోటు దక్కుతుంది.

ఔత్సాహికులకూ ఇదే సూత్రం. దాదాపు సమాన బలం ఉన్న పదిమందిని ఒక గ్రూపుగా కూర్చి ఆడిస్తారు. గ్రూపులో మొదట నిలిచినవాళ్లు వచ్చే ఏడాది ఒక మెట్టు పైన ఆడతారు. ఇలా వెయ్యి మందికి పైగా వస్తారు. సెలవు పెట్టుకుని ఏటా వచ్చేవాళ్లు, తండ్రి వెంట వచ్చి తర్వాత తామే ఆడటం మొదలుపెట్టినవాళ్లు అందులో ఉంటారు. తమ ఆట త్వరగా ముగిస్తే లేచి నాలుగడుగులు వేస్తే చాలు, తాడు కట్టిన గిరి అవతల ప్రపంచ ఛాంపియన్ తల పట్టుకుని ఆలోచిస్తూ కనిపిస్తాడు. ఆటగాడికీ అభిమానికీ మధ్య దూరం అంతే.

ఈ మెట్ల విలువ తెలియాలంటే మాగ్నస్ కార్ల్‌సన్‌ను చూడాలి. 2004లో అప్పటి మూడో విభాగమైన సి గ్రూపులో 13 ఏళ్ల పిల్లవాడిగా ఆడి, 13 ఆటల్లో 10.5 పాయింట్లతో గెలిచాడు. అక్కడి నుంచి ఎక్కుతూ పోయి మాస్టర్స్‌ను 8 సార్లు గెలిచాడు. విశ్వనాథన్ ఆనంద్ ఖాతాలో 5 విజయాలున్నాయి, మొదటిది 1989లో మరో ముగ్గురితో కలిసి పంచుకున్నది.

ఏనుగును ఇచ్చి రాజును లాగి

ఈ ఊరి పేరును చదరంగం పుస్తకాల్లో శాశ్వతం చేసిన ఆట 1999 జనవరి 20న జరిగింది. తెల్లపావులతో గ్యారీ కాస్పరోవ్, నల్లపావులతో వెసెలిన్ టోపలోవ్. 24వ ఎత్తులో కాస్పరోవ్ తన ఏనుగును ప్రత్యర్థి బంటు నోటికి అందించాడు. టోపలోవ్ దాన్ని తీసుకోకుండా ఉండాల్సింది, తీసుకున్నాడు. అక్కడి నుంచి నల్లరాజుకు కోట లేకుండా పోయింది. చెక్‌ల మీద చెక్‌లతో ముందుకు తోసుకొస్తూ, మంత్రివైపు అంచు నుంచి బోర్డు మొత్తం దాటించి, చివరకు తెల్లపావుల సొంత వరసలోకే దాన్ని లాక్కొచ్చాడు కాస్పరోవ్. 44వ ఎత్తు తర్వాత టోపలోవ్ ఓటమి ఒప్పుకున్నాడు. ఆట నేర్చుకుంటున్న పిల్లలు ఇప్పటికీ దీన్ని ఒక్కో ఎత్తూ పేర్చుకుని చూస్తారు. చూసిన ప్రతిసారీ ఏనుగు దగ్గర ఆగుతారు.

మనవాళ్ల అడుగులు

తెలుగువాళ్లకు ఈ పల్లె పరాయిది కాదు. గుంటూరు బిడ్డ పెంటేల హరికృష్ణ 2012లో బి గ్రూపు గెలిచి మరుసటి ఏడాది పై విభాగంలో ఆడాడు. ఓరుగల్లు కుర్రాడు అర్జున్ ఇరిగేశి 2022లో ఛాలెంజర్స్‌ను 10.5 పాయింట్లతో గెలిచాడు. 2023లో మాస్టర్స్‌కు వెళ్లి అట్టడుగున నిలిచాడు. అంత దెబ్బ తిన్నాక ఆ హాలు వైపు చూడటానికే జంకేవాళ్లుంటారు. అర్జున్ మళ్లీ వచ్చాడు.

2025 చివరి రౌండు అతని పట్టుదలకు సాక్ష్యం. చెన్నైలో తెలుగు కుటుంబంలో పుట్టిన గుకేశ్, రెండు నెలల కిందటే సింగపూర్‌లో డింగ్ లిరెన్‌ను ఓడించి ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. చెన్నైకే చెందిన ప్రజ్ఞానందతో సమానంగా అగ్రస్థానంలో ఉన్నాడు. ఆ రోజు అర్జున్ చేతిలో గుకేశ్ ఓడిపోయాడు. ప్రపంచ ఛాంపియన్ హోదాలో క్లాసికల్ ఆటలో అతనికి అదే తొలి ఓటమి. అదే రోజు ప్రజ్ఞానంద కూడా విన్సెంట్ కైమర్ చేతిలో ఓడిపోవడంతో ఇద్దరూ టైబ్రేక్‌కు వెళ్లారు. మొదటి బ్లిట్జ్ ఆట గుకేశ్‌ది, తర్వాతి రెండూ ప్రజ్ఞానందవి. ట్రోఫీ చెన్నై దాటలేదు, దాన్ని మలుపు తిప్పిన చెయ్యి మాత్రం వరంగల్‌ది.

పొగ నీడ

ఈ ఊరి కథ చెబుతూ దాని కష్టం దాచడం న్యాయం కాదు. చదరంగాన్ని పోషించే కర్మాగారమే ఊరి మీద దుమ్ము కూడా పోస్తోంది. 2018లో గ్రాఫైట్ రేణువులు ఇళ్ల మీద, కార్ల మీద, పిల్లలు ఆడుకునే బల్లల మీద నల్లగా రాలాయి. చుట్టుపక్కల పేరుకున్న దుమ్ములో ఉన్న లోహాలు పిల్లల ఆరోగ్యానికి మంచివి కావని డచ్ ప్రజారోగ్య సంస్థ 2021లో తేల్చింది. ఊరివాళ్లు ఏళ్ల తరబడి పోరాడుతున్నారు. బొగ్గు వాడకం తగ్గించే మార్పుల కోసం డచ్ ప్రభుత్వం 200 కోట్ల యూరోల వరకు సాయం చేసేందుకు 2025 సెప్టెంబరులో టాటా స్టీల్‌తో అవగాహన కుదుర్చుకుంది. టోర్నమెంటును ప్రేమించేవాళ్లు ఆ మాట నిలబడాలని కోరుకోవాలి. ఆటకు ఇల్లిచ్చిన ఊరు హాయిగా ఊపిరి తీసుకోవాలి.

మనం నేర్చుకోవలసింది

రౌండ్లు అక్కడ మధ్యాహ్నం రెండింటికి మొదలవుతాయి, మనకు సాయంత్రం ఆరున్నర. చివరి రౌండు మాత్రం మన వేళల్లో సాయంత్రం నాలుగున్నరకే. ఆఫీసు నుంచి, బడి నుంచి వచ్చి కూర్చుని చూడటానికి ఇంతకంటే అనువైన పెద్ద టోర్నమెంటు లేదు. పిల్లలకు చూపించేటప్పుడు పై బోర్డులతో పాటు ఆ హాలును కూడా చూపించండి.

హైదరాబాద్ 2002లోనే చదరంగం ప్రపంచకప్‌కు ఆతిథ్యమిచ్చింది, ఆనంద్ గెలిచాడు. పెద్ద పోటీ ఒకసారి తెచ్చుకోవడం ఒక ఎత్తు, ఏటా అదే నెలలో, అదే ఊళ్లో దశాబ్దాల పాటు నిలబెట్టడం ఒక ఎత్తు. కోనేరు హంపి, హరిక, హరికృష్ణ, అర్జున్‌లను కన్న నేల మనది. ప్రతిభకు కొదవ లేదు. లేనిది పదేళ్ల పిల్ల తన ఆట ముగించుకుని నాలుగడుగులు నడిచి అర్జున్ ఆట చూడగలిగే హాలు. హనుమకొండలోనో గుంటూరులోనో విశాఖలోనో ఒక సంస్థ, ఒక ఊరు చేతులు కలిపి, గెలిచినవాళ్లకు వచ్చే ఏడాది పై మెట్టు అన్న ఒక్క నియమంతో మొదలుపెడితే చాలు. ఈ టోర్నమెంటులోనూ మొదటి ఏడాది ప్రధాన బల్లల దగ్గర కూర్చుంది నలుగురే.