రేపు చేద్దాములే!

పరీక్షలకు ఇంకను రెండు నెలలున్నవనగా విద్యార్థి కాలపట్టిక వ్రాసి గోడకు అంటిస్తాడు. సాయంత్రము ఆరు గంటలకు గణితము అని అందులో ఉంటుంది. ఆరు గంటలవుతుంది. చేతిలో సెల్‌ఫోన్ ఉన్నది. గణితము రేపటికి వాయిదా పడుతుంది. కాలపట్టిక వ్రాసిననాడు ఆ విద్యార్థి అబద్ధమాడలేదు. చదువవలెనను కోరిక నిజమైనదే. మరి సమయము వచ్చేసరికి ఆ కోరిక ఎందుకు ఓడిపోయినది?

ఇది పిల్లలకే పరిమితమైన జబ్బు కాదు. డెబ్బది ఏండ్ల ఆయుర్దాయమును వారములుగా లెక్కిస్తే సుమారు 3,650 వారములు మాత్రమే. మనుష్యులు ధనమును కాపాడుకొని కాలమును మాత్రము ధారాళముగా వెదజల్లుతారని రోమన్ తత్త్వవేత్త సెనెకా క్రీస్తు శకము మొదటి శతాబ్దిలోనే వాపోయినాడు. ఆయుష్షు తక్కువని తెలియనివారెవరు? తెలిసియుండుట వేరు, ఆ తెలివి అవసరమైన క్షణములో అక్కరకు వచ్చుట వేరు. ఈ తేడా ఎక్కడ పుట్టుచున్నదో తెలిపిన ప్రయోగములలో ఒకటి పావురములపై జరిగినది.

1972లో అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞులు హోవర్డ్ రాక్లిన్, లియొనార్డ్ గ్రీన్ ఐదు పావురములతో ఈ ప్రయోగము చేసినారు. పెట్టెలో రెండు మీటలు. ఎర్రమీటను ముక్కుతో పొడిస్తే వెంటనే గింజలు దొరుకుతాయి, కాని రెండు సెకండ్లు మాత్రమే తినవచ్చును. పచ్చమీటను పొడిస్తే నాలుగు సెకండ్లు ఆగవలెను, ఆ పిమ్మట నాలుగు సెకండ్లు తినవచ్చును. పావురములు ఎర్రమీటనే పొడిచినవి. ఇందులో వింత లేదు. వింత అంతా రెండవ ఏర్పాటులో ఉన్నది. ఈ రంగుమీటలు వెలుగుటకు కొన్ని సెకండ్ల ముందే పావురము మరొక జత మీటలలో ఒకదానిని ఎంచుకొనవలెను. ఒకటి పొడిస్తే తరువాత ఎరుపు, పచ్చ రెండును వెలుగుతాయి. రెండవది పొడిస్తే పచ్చ ఒక్కటే వెలుగుతుంది. నడుమ వ్యవధి తక్కువగా ఉన్నప్పుడు పావురములు మొదటిదానినే ఎంచుకొని, ఎరుపునే పొడిచినవి. వ్యవధి పెరిగినకొలది రెండవదానికి మొగ్గినవి. అనగా ఎర్రమీట ఎదుటికి రాకుండ తమకు తామే కట్టడి చేసికొన్నవి!

ఇందలి లెక్క తరగతిలో బల్లమీద వేసి చూపవచ్చును. ప్రతిఫలము విలువ ఆలస్యముతో ఎట్లు తగ్గునో తెలుపు సూత్రమొకటి 1987లో వెలువడినది. ఆలస్యమును ఒక గుణకముతో హెచ్చించి, ఒకటి కలిపి, వచ్చినదానితో ప్రతిఫలమును భాగించవలెను. సులభముగా ఉండుటకు గుణకము ఒకటి అనుకోవచ్చును. మీటలు ఎదుట ఉన్నప్పుడు ఎరుపు విలువ 2÷1, అనగా 2. పచ్చ విలువ 4÷5, అనగా 0.8. ఎరుపుదే గెలుపు. పది సెకండ్లు ముందు లెక్కిస్తే ఎరుపు 2÷11, సుమారు 0.18, పచ్చ 4÷15, సుమారు 0.27. పచ్చ గెలిచినది!

రేడియం క్షీణించునట్లు విలువ ప్రతి సెకండుకు ఒకే నిష్పత్తిలో తగ్గియుంటే ఇట్టి తారుమారు ఎన్నటికి జరుగదు. ఆలస్యము ఎంతైనను రెండు విలువల నిష్పత్తి మారదు గనుక. జీవుల మనసు లెక్క అట్లు లేదు. వస్తువు చేరువైన కొద్ది దాని విలువ నిటారుగా లేస్తుంది. దూరమునుండి చూస్తే చింతచెట్టు కంటె వెనుకనున్న కొండ ఎత్తుగా కనబడుతుంది. చెట్టు మొదట నిలుచున్నవానికి కొండ మరుగుపడిపోతుంది.

మనిషి పావురము కాడు, నిజమే. పైగా అతనికి మరొక చిక్కున్నది. కఠినమైన పనిని తలచుకొనగానే మనసుకు బెరుకు కలుగుతుంది. దానిని వాయిదా వేయగానే ఊరట కలుగుతుంది. ఆ ఊరటయే అతని ఎర్రమీట, అది ఎల్లప్పుడు చేతికి అందుబాటులోనే ఉంటుంది. సోమరివని తిట్టినందువలన బెరుకు పెరుగుతుందే గాని తగ్గదు.

అంచనాలు కూడ మోసగిస్తాయి. 1994లో ప్రకటితమైన ఒక కెనడా పరిశీలనలో సిద్ధాంతవ్యాసము వ్రాయుచున్న విద్యార్థులు సగటున 34 రోజులలో ముగిస్తామన్నారు. అన్ని ఆటంకములు వచ్చినను 49 రోజులు చాలునన్నారు. పట్టినది 55 రోజులు.

గడువులు పెడితే? 2002లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనములో మూడు వ్యాసములకు గడువులను విద్యార్థులే పెట్టుకొనవచ్చునన్నారు. పెట్టుకొన్న గడువు దాటితే మార్కులు పోతాయి. ముందుగా ఇచ్చినందువలన లాభమేమియు లేదు. అయినను మూడింటికి చివరి రోజునే ఎంచుకొన్నవారు నూటికి 27 మంది మాత్రమే. తక్కినవారు, పావురములవలెనే, ముందుగా తమను కట్టివేసికొన్నారు. అయితే 2020లో ప్రకటితమైన మరొక ప్రయోగములో విద్యార్థులు గడువులు కోరుకొన్నారు గాని, వానివలన పని పూర్తిచేసినవారు పెరుగలేదు. కట్టు ఎంత గట్టిదో చూడవలసియున్నది. పావురము రెండవ మీటను పొడిచినప్పుడు పెట్టెలో ఎరుపు వెలుగనే లేదు. కాలపట్టిక వ్రాసిన విద్యార్థికి ఆరు గంటలకు సెల్‌ఫోన్ చేతిలోనే ఉన్నది.