అల గిటార్‌ది... ఒడ్డు బేస్‌ది!

ఫోన్‌లో ‘మిసిర్లూ’ అని వెతికి, డిక్ డేల్ వాయించిన ట్యూన్ పెట్టండి. ఇయర్‌ఫోన్స్ వద్దు, ఫోన్ స్పీకర్‌లోనే వినండి. ‘పల్ప్ ఫిక్షన్’ (1994) సినిమా చూసినవాళ్లు రెండు సెకన్లలో గుర్తుపట్టేస్తారు. గిటార్ బుల్లెట్‌లా దూసుకొస్తుంది. ఇప్పుడు ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని అదే మళ్లీ వినండి. గిటార్ కింద ఇంకేదో నడుస్తోంది కదూ? గుండె కొట్టుకున్నట్టు, ఆగకుండా!

అదే బేస్ గిటార్. దాని లావుపాటి తీగ సెకనుకు దాదాపు 41 సార్లు మాత్రమే కంపిస్తుంది. అంత మంద్రమైన శబ్దాన్ని చిన్న ఫోన్ స్పీకర్ సరిగ్గా పలికించలేదు. అందుకే రోజూ పాటలు వినేవాళ్లలో కూడా చాలామందికి బేస్ అంటే ఏంటో తెలీదు. మరి ఎవరికీ వినిపించని వాయిద్యాన్ని నేర్చుకోవడం ఎందుకు? ఈ ప్రశ్నకు సర్ఫ్ మ్యూజిక్ దగ్గర మంచి జవాబు ఉంది.

అలల మీద పలకేసుకుని జారే సర్ఫింగ్ కుర్రాళ్ల మధ్య, 1960ల మొదట్లో అమెరికాలోని దక్షిణ కాలిఫోర్నియా తీరంలో పుట్టిన సంగీతం ఇది. 1961 వేసవిలో బాల్బోవాలోని రాండెవూ బాల్‌రూమ్‌లో డిక్ డేల్, అతని డెల్‌టోన్స్ బ్యాండ్ వాయిస్తుంటే కుర్రకారు ఎగబడేవారు. ఈ ట్యూన్లలో చాలావాటికి పాడేవాళ్లే ఉండరు. గిటార్లు, బేస్, డ్రమ్స్... అంతే. బేస్ నేర్చుకునేవాళ్లకు ఇదే వరం. గొంతు చాటున దాక్కోవడానికి వీల్లేదు. తప్పు వాయిస్తే దొరికిపోతాం. సరిగ్గా వాయిస్తే బ్యాండ్ మొత్తం నిలబడుతుంది.

తడి గిటార్... పొడి బేస్

సర్ఫ్ గిటార్ శబ్దంలోని రహస్యం రివర్బ్. ఖాళీ ఫంక్షన్ హాల్లో చప్పట్లు కొడితే కాసేపు మోగుతూనే ఉంటుంది చూడండి, అలాంటిది. ఫెండర్ కంపెనీ 1961లో దీనికోసం విడిగా ఒక పెట్టెనే తెచ్చింది. గిటార్ సిగ్నల్ అందులోని స్ప్రింగుల గుండా వెళ్లి బయటికొస్తే, ఒక్కో స్వరం నీళ్లలో మునిగి తేలినట్టు సాగుతుంది. సంగీతకారులు దీన్ని ‘వెట్’ అంటారు, అంటే తడి శబ్దం.

గిటార్ ఇలా తడిసి ముద్దయినప్పుడు బేస్ కూడా తడిస్తే? అంతా బురదే. ఏ స్వరం ఎక్కడ మొదలైందో, ఎక్కడ ఆగిందో తెలీదు. అందుకే సర్ఫ్‌లో బేస్ పొడిగా ఉండాలి. స్వరం ‘డుమ్’మని పుట్టాలి, వెంటనే తగ్గిపోవాలి. అల ఎంత ఎగిరినా ఒడ్డు కదలకూడదు. ఒడ్డే కదిలితే ఇక అల విరిగేదెక్కడ?

ఈ పొడి శబ్దానికి మూడు కిటుకులున్నాయి. ఒకటి, వేళ్లతో కాకుండా పిక్‌తో మీటడం. స్వరం అంచు పదునుగా వస్తుంది. రెండు, ఫ్లాట్‌వౌండ్ తీగలు. ఇవి గరుకు లేకుండా నున్నగా ఉంటాయి, మోత తక్కువ. ఆ రోజుల్లో బేస్‌లకు ఎక్కువగా ఇవే వాడేవారు. మూడు, తీగల్ని కాస్త అదిమిపెట్టడం. కుడి అరచేతి అంచును బ్రిడ్జ్ దగ్గర తీగలకు ఆనించి మీటితే చాలు. లేదంటే గిన్నెలు తోమే కొత్త స్పాంజ్‌లోంచి చిన్న ముక్క కోసి, బ్రిడ్జ్ పక్కన తీగల కింద దూర్చండి. పెద్ద ఖర్చు లేదు, తేడా మాత్రం వెంటనే తెలుస్తుంది.

నాలుగు ట్యూన్లు, నాలుగు పాఠాలు

బేస్‌కు నాలుగు తీగలు. లావుదాని నుంచి వరసగా ‘ఇ’, ‘ఎ’, ‘డి’, ‘జి’. ఫోన్‌లో ఉచిత ట్యూనర్ యాప్ వేసుకుని శ్రుతి చేసుకోండి. ఇక మొదలుపెడదాం.

మొదటిది ‘వాక్, డోంట్ రన్’. వెంచర్స్ బ్యాండ్ 1960లో హిట్ చేసిన ట్యూన్ ఇది. సర్ఫ్ అనే పేరు రాకముందే వచ్చినా, సర్ఫ్ బ్యాండ్లన్నీ దీన్ని నేర్చుకునే పెరిగాయి. మొదట్లో వినిపించే దిగుడుకు ఒక్క తీగ చాలు. ‘ఇ’ తీగ మీద ఐదో ఫ్రెట్, మూడోది, ఒకటోది, చివరికి ఏదీ నొక్కకుండా ఖాళీ తీగ. అంతే, నాలుగు మెట్లు దిగారు. మొదటిరోజే ఒక నిజమైన ట్యూన్‌తో కలిసి వాయించినట్టే!

రెండోది ‘పైప్‌లైన్’. శాంటా అనా హైస్కూల్ కుర్రాళ్లు షాంటేస్ పేరుతో బ్యాండ్ పెట్టి చేసిన ట్యూన్. 1963లో అమెరికా చార్టుల్లో నాలుగో స్థానం దాకా వెళ్లింది. దీని రికార్డింగ్‌లో ఓ విచిత్రం ఉంది. ఎలక్ట్రిక్ పియానో, రిథమ్ గిటార్, బేస్ ముందుకొస్తాయి. లీడ్ గిటార్, డ్రమ్స్ వెనక్కి జరుగుతాయి. బేస్ ఏం చేస్తుందో స్పష్టంగా వినడానికి ఇంతకన్నా మంచి పాఠం దొరకదు. ముందు వాయించకండి. పదిసార్లు వినండి, బేస్ వెంట నోటితో ‘డుమ్ డుమ్’ అనండి. ఆ తర్వాతే చేతులు.

మూడోది సర్ఫారిస్ వాయించిన ‘వైప్ అవుట్’ (1963). ఇది 12 బార్ల బ్లూస్ చట్రంలో నడుస్తుంది. సంగీతం నేర్చుకున్నవాళ్లకు చెప్పాలంటే ఆధారం మూడే స్వరాలు: స, మ, ప. ‘ఎ’ తీగ మూడో ఫ్రెట్ ‘స’ అనుకుంటే, పక్కనున్న ‘డి’ తీగ మూడో ఫ్రెట్ ‘మ’, అదే తీగ ఐదో ఫ్రెట్ ‘ప’. మామూలు బ్లూస్‌లో నాలుగు బార్లు ‘స’, రెండు ‘మ’, రెండు ‘స’, ఒకటి ‘ప’, ఒకటి ‘మ’, చివరి రెండు ‘స’. ఈ లెక్క వస్తే వందల రాక్ అండ్ రోల్ పాటలకు తాళం చెవి దొరికినట్టే. ఇంకో సంగతి. డ్రమ్మర్ ఒంటరిగా వీరవిహారం చేసేటప్పుడు మిగతావాళ్లంతా ఆగిపోతారు. ఆ మౌనంలో కూడా మీరు లెక్కపెడుతూనే ఉండాలి. మళ్లీ అందుకోవడం అర క్షణం అటూ ఇటూ అయితే ట్యూన్ కూలిపోతుంది.

నాలుగోది ‘మిసిర్లూ’. మధ్యధరా సముద్రానికి తూర్పున ఉన్న దేశాల్లో పుట్టిన పాత పాట ఇది. లెబనాన్ మూలాలున్న డిక్ డేల్ 1962లో దీన్ని సర్ఫ్ గిటార్ మీదకు తెచ్చాడు. ఇందులోని స్కేల్‌ను పాశ్చాత్యులు డబుల్ హార్మోనిక్ అంటారు. మన లెక్కలో అవి మాయామాళవగౌళ స్వరాలే. అవును, సరళీ స్వరాలు మొదలుపెట్టే రాగం! రాగం నడక వేరు, స్వరస్థానాలు మాత్రం అవే. గిటార్ ఆ స్వరాల మీద పరుగులు తీస్తుంటే కింద ‘ఇ’ స్వరాన్ని పట్టుకుని ఉండండి. కచేరీలో తంబురా చేసే పనే, కాకపోతే ఇక్కడ లయ కూడా మీదే.

మూడు కాలాల్లో సాధన

సర్ఫ్‌లో కష్టం ఫ్రెట్లు కాదు, ఓపిక. నిమిషానికి 160 బీట్ల వేగంతో బీట్‌కు రెండు స్వరాలంటే, రెండు నిమిషాల ట్యూన్‌లో 640 దెబ్బలు. ఒక్కటీ తడబడకూడదు. మొదటివారమే అంత వేగం అందుకోవాలనుకుంటే మణికట్టు నొప్పి తప్ప ఏమీ మిగలదు.

దీనికి మన సంగీతం మేస్టార్ల పద్ధతే మందు. తాళం మార్చకుండా అదే పాఠాన్ని మొదటి కాలం, రెండో కాలం, మూడో కాలంలో పాడిస్తారు కదా. మెట్రోనోమ్ యాప్‌ను 80 దగ్గర పెట్టండి. బీట్‌కు ఒక స్వరం, తర్వాత రెండు, తర్వాత నాలుగు. పిక్ కిందికీ పైకీ సమానంగా కదలాలి. మోచేయి బిగించకుండా మణికట్టుతో మీటాలి. రోజూ 20 నిమిషాలు చాలు. చేయి బిగుసుకుంటే ఆపేయండి, నొప్పితో పంతం వద్దు.

అపార్ట్‌మెంట్‌లో ఉంటే హెడ్‌ఫోన్ ఆంప్ మేలు. పక్కింటివాళ్లకు గోడ దాటి ముందు వినిపించేది బేసే! ఇంట్లోని చిన్న గిటార్ ఆంప్‌కు బేస్ తగిలించి సౌండ్ పెంచకండి, స్పీకర్ దెబ్బతినొచ్చు.

తగ్గడం కాదు, పట్టుకోవడం

‘గిటార్ రాకపోతే బేస్ ఇస్తారు’ అనే మాట చాలా బ్యాండ్లలో వినిపిస్తుంది. వెంచర్స్ కథ వింటే ఆ మాట అనలేం. ‘వాక్, డోంట్ రన్’ రికార్డులో లీడ్ గిటార్ బాబ్ బోగల్‌ది, బేస్ నోకీ ఎడ్వర్డ్స్‌ది. తర్వాత ఇద్దరూ స్థానాలు మార్చుకున్నారు. ఎడ్వర్డ్స్ లీడ్‌లోకి వచ్చాడు. హిట్ ట్యూన్‌లో లీడ్ వాయించిన బోగల్ బేస్ అందుకుని, దశాబ్దాల పాటు అదే వాయించాడు. ఆ బ్యాండ్‌కు 2008లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కింది.

కేరల్ కే సంగతీ అంతే. స్టూడియోల్లో గిటార్ వాయించే ఆమె, 1963లో ఒక రికార్డింగ్‌కు బేస్ ప్లేయర్ రాకపోతే ఆ పని అందుకున్నారు. పిక్‌తోనే వాయిస్తూ హాలీవుడ్ స్టూడియోల్లో పేరున్న బేస్ ప్లేయర్ అయ్యారు. సర్ఫ్ పాటలతో మొదలైన బీచ్ బాయ్స్ బ్యాండ్ రికార్డులకూ వాయించారు.

కొన్ని వారాల సాధన తర్వాత ఒక పరీక్ష పెట్టుకోండి. గిటార్ వాయించే ఫ్రెండ్‌ను పిలిచి ‘మిసిర్లూ’ మొదలుపెట్టండి. ఊపందుకున్నాక చెప్పకుండా మీరు ఆపేయండి. అప్పటిదాకా తన తీగల్లో మునిగిపోయిన ఆ ఫ్రెండ్ టక్కున తలెత్తి మీవైపు చూస్తే, మీకు బేస్ వాయించడం వచ్చేసినట్టే.