యాప్ కట్టడం ఒక్కసారి, పూడిక తీయడం ఏటా

విశాఖపట్నం ఓడరేవు 1933లో మొదలైంది. ఈ తీరాన అలలు దక్షిణం నుంచి ఉత్తరానికి ఇసుకను నెట్టుకొస్తుంటాయి. అది రేవు ముఖద్వారంలో పేరుకుంటే ఓడలకు దారి మూసుకుపోతుంది. అందుకే డాల్ఫిన్స్ నోస్ కొండ దగ్గర రెండు పాత ఓడలను ముంచి అలలకు అడ్డు కట్టారు, ఇసుక వచ్చి ఆగే చోటు ఏర్పరిచారు. అయినా పూడిక తీసే పని నేటికీ తప్పడం లేదు. తీసిన ఇసుకను కోతకు గురయ్యే ఆర్కే బీచ్ వైపు పోస్తుంటారు. చిన్న వెబ్ యాప్ తయారుచేయాలనుకునేవాళ్లు ముందు గుర్తుపెట్టుకోవలసింది ఇదే: తయారీ ఒకసారితో తీరిపోతుంది, నిర్వహణకు ముగింపు లేదు. చిన్న యాప్‌లు ఎక్కువగా దెబ్బతినేది తెలివి చాలక కాదు, ఈ రెండో ఖర్చును లెక్కలో వేసుకోకపోవడం వల్ల.

మొదటి దశలో ఉత్సాహానికి కొదవ ఉండదు. గాజువాకలో ఒక ట్యూషన్ సెంటర్‌కు ఫీజుల పద్దు కావాలనుకోండి, లేదా ఫిషింగ్ హార్బర్‌లో ఆ రోజు చేపల వేలం ధరలు అందరికీ కనపడాలనుకోండి. బ్రౌజర్‌లో కనిపించే తెర ఒకటి, వివరాలు దాచే డేటాబేస్ ఒకటి, ఆ రెండింటి మధ్య మాటలు మోసే సర్వర్ ప్రోగ్రామ్ ఒకటి ఉంటే చాలు. ఓపికున్న ఇంజినీరింగ్ విద్యార్థి కొద్ది రోజుల్లో నమూనా చూపించగలడు. చిక్కులు మనుషులు వాడడం మొదలుపెట్టాకే తెలుస్తాయి. ఒకే పేరును ఒకరు తెలుగులో, మరొకరు ఇంగ్లిష్ అక్షరాల్లో కొడతారు. సిగ్నల్ పోయిందని బటన్ రెండుసార్లు నొక్కితే ఒకే ఫీజు రెండుసార్లు నమోదవుతుంది. నమూనాకూ పనికొచ్చే వస్తువుకూ తేడా ఈ చిల్లర సర్దుబాట్లలోనే ఉంది.

ఇవన్నీ సరిచేసి ముట్టుకోకుండా వదిలేసినా, చుట్టూ ఉన్న లోకం ఆగదు. 2016 మార్చిలో పదకొండు వరుసల చిన్న ప్రోగ్రామ్‌ను దాని రచయిత ప్రోగ్రామర్లు పంచుకునే ఉమ్మడి కోడ్ భాండాగారం నుంచి తీసేస్తే, దానిమీద ఆధారపడ్డ పెద్ద పెద్ద ప్రాజెక్టులు కూడా కొన్ని గంటలు తయారు కాకుండా నిలిచిపోయాయి. విద్యార్థులు విరివిగా వాడుకున్న, హెరోకు అనే సంస్థ ఇచ్చిన ఉచిత సర్వర్లు 2022 నవంబర్‌లో మూతపడ్డాయి. సైటు భద్రతకు పెట్టుకునే సర్టిఫికెట్ గడువు పరిమితి ఏడాది పైచిలుకు ఉండేది. దాన్ని దశలవారీగా తగ్గిస్తూ 2029కి 47 రోజులకు తేవాలని 2025లో నిర్ణయించారు. డొమైన్ పేరుకు గడువు తీరినప్పుడల్లా డబ్బు కట్టాలి. ఫోన్ నంబర్లు సేకరిస్తే 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టం సంగతి కూడా చూసుకోవాలి.

మరి నిలిచేవి ఎలా నిలుస్తాయి? మన భాషలోనే మంచి ఉదాహరణ ఉంది. 2006లో వీవెన్ తెచ్చిన ‘లేఖిని’లో ఇంగ్లిష్ అక్షరాలు కొడితే తెలుగు కనిపిస్తుంది. నాగార్జున వెన్న రూపొందించిన ‘పద్మ’ అనే ప్రోగ్రామ్ దానికి పునాది. లేఖిని పెట్టుకున్నది ఒక్క పని. అక్షరాల మార్పిడి వాడేవారి బ్రౌజర్‌లోనే జరుగుతుంది కాబట్టి డేటాబేస్ కాపలా లేదు, సర్వర్ మీద బరువు లేదు. అంతర్జాలంలో తెలుగు రాయడం ఎంతోమందికి దానితోనే అలవాటైంది. అవసరాన్ని అంత సూటిగా ఎంచుకోవడం కోడ్ రాయడం కన్నా పెద్ద నేర్పు.

కృత్రిమ మేధ కోడ్ రాస్తున్న రోజుల్లో ఇంత బెంగ దేనికని కొందరు అడగవచ్చు. అది రాసే వేగం పెంచిన మాట నిజమే. కానీ ట్యూషన్ సెంటర్ పద్దులో ఏ అంకె తప్పో చెప్పగలిగేది ఆ సెంటర్ మనిషే. పైగా కోడ్ తేలిగ్గా పుడుతున్న కొద్దీ కాపాడవలసిన కోడ్ పెరుగుతుంది. విశాఖలో భారీ డేటా సెంటర్ కడతామని 2025 అక్టోబర్‌లో గూగుల్ ప్రకటించింది కదా అంటారు మరికొందరు. యంత్రాలను ఆ సంస్థ చూసుకుంటుంది, మన యాప్‌లో తప్పులు మాత్రం మనవే. చిన్నదేగా, పోతే పోనీ అన్న వాదన నేర్చుకోవడానికి చేసినదానికి సరిపోతుంది. నలుగురు తమ లెక్కలు అందులో పెట్టాక సరిపోదు. హుద్‌హుద్ తుపాను 2014 అక్టోబర్ 12న తీరం దాటినప్పుడు ఈ నగరంలో కరెంటు, ఫోన్లు రోజుల తరబడి స్తంభించాయి. అలాంటి రోజున వేరే చోట బ్యాకప్ ఉందా అన్న ప్రశ్నకు యాప్ చిన్నదా పెద్దదా అన్న తేడా లేదు.

కాబట్టి మొదటి వరుస కోడ్ రాయకముందే తేల్చుకోవలసినవి ఉన్నాయి: ఇది చేసే ఒక్క పని ఏమిటి, ఏటా అయ్యే ఖర్చు ఎవరిది, చేసినవాడికి ఉద్యోగం వచ్చి వెళ్లిపోతే చూసుకునేది ఎవరు, మూసేయాల్సి వస్తే జనం వివరాలు వాళ్ల చేతికి ఎలా చేరతాయి. మన ఇంజినీరింగ్ కళాశాలలు ప్రాజెక్టు వైవా రోజున తెర మీద కనిపించినదానికి మార్కులు వేస్తాయి. ఆ యాప్‌ను జూనియర్లకు అప్పగించి, ఏడాది తరవాత కూడా అది పనిచేస్తుంటే కొన్ని మార్కులు అందుకు కేటాయించాలి. విద్యార్థి నేర్చుకోవలసిన సగం విద్య ఆ ఏడాదిలోనే ఉంది.